ఫెరారీకి నాలుగు డోర్లా? రేసు కోసమే కార్లు అమ్మిన ఎంజో ఉంటే ఒప్పుకునేవారా?

సాయంత్రం ఆరు దాటాక ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తాకు వచ్చి చూస్తే చాలు, మన జనం ఎలాంటి కార్లు కొంటున్నారో అర్థమైపోతుంది. మెట్రో పిల్లర్ల పక్కన ఇటు హబ్సిగూడ దాకా, అటు మెట్టుగూడ దాకా బారులు తీరిన బండ్లలో ఎత్తుగా కనిపించేవన్నీ ఎస్‌యూవీలే. ఇందులో పెద్ద రహస్యమేం లేదు. స్పీడ్ బ్రేకర్ మీద కింద తగలకూడదు. వానొస్తే నీళ్లలో ఆగిపోకూడదు. ఊరెళ్తే అమ్మానాన్న, పిల్లలు, వచ్చేటప్పుడు బియ్యం బస్తా.. అన్నీ పట్టాలి. ఇదే రోడ్డు మీదకు పాత ఫెరారీ ఒకటి వచ్చిందనుకోండి. నేలకు ఆనినట్టుండే ఆ ఎర్ర కారు మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే నడిపేవాడికి చెమటలు పట్టిస్తుంది.

ఈ లెక్క కార్ల కంపెనీలకూ బాగా తెలుసు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది, గుర్తుందిగా? అందులో పోటీపడ్డ పేర్లలో పోర్షే, జాగ్వార్, మసెరాటి ఉన్నాయి. స్పోర్ట్స్ కార్లతో పేరు తెచ్చుకున్న ఈ మూడూ అప్పటికే ఎస్‌యూవీలు అమ్ముతున్నాయి. చాలాకాలం బెట్టు చేసిన ఫెరారీ కూడా 2022 సెప్టెంబర్‌లో నాలుగు డోర్ల పూరోసాంగ్వేను బయటపెట్టింది. అప్పట్నుంచి కార్ల పిచ్చి ఉన్నవాళ్ల మధ్య ఒకటే వాదన. పెద్దాయన ఉండి ఉంటే ఇది ఫ్యాక్టరీ గేటు దాటేదా అని.

ఆ పెద్దాయన ఎంజో ఫెరారీ. 1988లో కన్నుమూశారు. ఒప్పుకునేవారే కాదని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. కానీ ఆయన జీవితం తిరగేస్తే జవాబు అంత సూటిగా లేదు.

కంచర గాడిదలకు నాడాలు కొట్టిన కుర్రాడు

ఎంజో ఇటలీలోని మోడెనాలో 1898 ఫిబ్రవరి 18న పుట్టారు. ఆ రోజుల్లో మంచు విపరీతంగా కురవడంతో పుట్టుక నమోదు చేయించడానికి తండ్రికి రెండు రోజులు పట్టిందట. అందుకే కాగితాల మీద 20వ తేదీ ఉంటుంది. తండ్రి అల్ఫ్రెడోకు లోహపు పనుల వర్క్‌షాప్ ఉండేది. రైల్వేకు సరుకు చేసి ఇచ్చేవారు. 1908లో తండ్రి ఈ పదేళ్ల కుర్రాడిని బొలోన్యాలో కార్ల రేసుకు తీసుకెళ్లారు. ఆ రోజు ఫెలిచే నజారో గెలిచాడు. ఎంజోకు రేసు పిచ్చి పట్టింది అక్కడే.

1916లో ఇల్లు కూలిపోయింది. ఒకే ఏడాదిలో తండ్రి పోయారు, అన్న పోయాడు. వర్క్‌షాప్ మూతపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి తీసుకున్న ఎంజోకు దొరికిన పని, కొండ ఫిరంగులు లాగే కంచర గాడిదలకు నాడాలు కొట్టడం. తర్వాత జబ్బు పడి, చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డారు. సరిగ్గా ఆ 1918లోనే ఇక్కడ హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది.

ఉద్యోగం కోసం ట్యూరిన్‌లోని ఫియట్ తలుపు తట్టారు. తీసుకోలేదు. చలికాలం, చేతిలో డబ్బుల్లేవు, ఇంట్లో మగదిక్కు లేదు. వాలెంటీనో పార్కులో బెంచీ మీద కూర్చుని ఏడ్చేశారు. ఈ బెంచీని గుర్తుపెట్టుకోండి, ఇంకోసారి వస్తుంది. ఫియట్ కూడా వస్తుంది.

చిన్న కంపెనీలో టెస్ట్ డ్రైవర్‌గా చేరి, 1919లో మొదటి రేసు నడిపి, 1920లో ఆల్ఫా రోమియోకు చేరారు. అదే ఏడాది సిసిలీలోని టార్గా ఫ్లోరియోలో రెండో స్థానం. 1923లో రవెన్నా దగ్గర సావియో సర్క్యూట్‌లో గెలిచినప్పుడు, యుద్ధంలో చనిపోయిన పైలట్ ఫ్రాన్సెస్కో బరక్కా తల్లిదండ్రులు పరిచయమయ్యారు. బరక్కా విమానం మీద ఉండే ఎగిరే నల్ల గుర్రం బొమ్మ అలా ఎంజో చేతికొచ్చింది. దాని వెనక మోడెనా రంగైన పసుపు వేసుకున్నారు. ఈరోజు ఫోన్ కవర్ల మీద, టీషర్టుల మీద, ఆటోల వెనక అద్దాల మీద కనిపించే గుర్రం అదే.

స్కుడేరియా అంటే ఫ్యాక్టరీ కాదు

1929లో ఎంజో స్కుడేరియా ఫెరారీ పెట్టారు. ఓయూ ఇంజినీరింగ్ కాలేజీ మొదలైన ఏడాది కూడా అదే. యాదృచ్ఛికమే అనుకోండి, కానీ ఈ ఏళ్లు గుర్తుండటానికి పనికొస్తాయి. స్కుడేరియా అంటే గుర్రపు శాల లాంటి అర్థం వస్తుంది. అది కార్లు తయారుచేసే కంపెనీ కానే కాదు, రేసు జట్టు. ఆల్ఫా రోమియో కార్లను తెచ్చుకుని, సిద్ధం చేసి, డ్రైవర్లను పెట్టి పోటీకి దింపడమే పని. అంటే ఫెరారీ పుట్టుకలో అమ్మకం లేదు, షోరూమ్ లేదు. మొదటి పద్దెనిమిదేళ్లు ఫెరారీ పేరుతో కొనుక్కోవడానికి ఒక్క కారు కూడా లేదు. వాదనంతా అర్థం కావాలంటే ముందు ఇది అర్థం కావాలి.

1932లో కొడుకు పుట్టాడు. చనిపోయిన తన తండ్రి, అన్నల పేరే అల్ఫ్రెడో అని పెట్టుకుని డీనో అని ముద్దుగా పిలుచుకున్నారు. తాను స్టీరింగ్ వదిలేశారు. 1939లో ఆల్ఫాతో చెడింది. ఓయూ ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైన ఆ ఏడాది చివరికి ఎంజో సొంత బతుకు వెతుక్కుంటున్నారు. నాలుగేళ్లు ఫెరారీ పేరుతో రేసులకు దిగకూడదన్న షరతు మీద బయటికొచ్చారు. తన పేరు తానే వాడుకోకూడదన్నమాట. వేరే పేరుతో షాపు పెట్టి, 1940 మిల్లె మిల్యా రేసుకు రెండు కార్లు కట్టారు. ఇంతలో యుద్ధం. మెషీన్ పనులు చేసుకుంటూ 1943లో ఫ్యాక్టరీని పక్క ఊరు మరనెల్లోకు మార్చారు. దాని మీద బాంబులు పడ్డాయి. మళ్లీ కట్టుకున్నారు.

1947 మార్చి 12న మరనెల్లో గేటు దాటి ఫెరారీ పేరున్న మొదటి కారు రోడ్డెక్కింది. పేరు 125 ఎస్. ఒకటిన్నర లీటర్ల చిన్న ఇంజినే, కానీ పన్నెండు సిలిండర్లు. మే 25న రోమ్‌లో ఫ్రాంకో కోర్టేసే దానితో మొదటి గెలుపు తెచ్చాడు. అక్టోబర్‌లో ట్యూరిన్‌లోని వాలెంటీనో సర్క్యూట్‌లోనూ ఫెరారీ గెలిచింది. ఆ సాయంత్రం ఎంజో వెతుక్కుంటూ వెళ్లి పాత బెంచీ మీద కూర్చున్నారు. మళ్లీ ఏడ్చారు, ఈసారి కారణం వేరు.

అమ్మేది ఎందుకు?

1949లో లె మాన్స్ గెలిచారు. 1951లో సిల్వర్‌స్టోన్‌లో, తనను పెంచి బయటికి పంపిన ఆల్ఫా రోమియోనే ఓడించారు. 1952, 53ల్లో అస్కారీ ఫెరారీలోనే ప్రపంచ చాంపియన్. పేరు మారుమోగింది. కానీ రేసు అంటే డబ్బు నిప్పుల్లో పోయడమే. ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి?

ఇక్కడే ఎంజో మిగతా కార్ల యజమానుల నుంచి వేరుపడతారు. ఎక్కువ మంది కార్లు అమ్మడానికి ప్రచారంగా రేసులు నడుపుతారు. ఈయన రేసులు నడపడానికి కార్లు అమ్మారు. సినిమా తారలు, రాజులు, వ్యాపారులు మరనెల్లోకు వచ్చి గంటలు గంటలు ఎదురుచూసేవారు. దర్పం కోసం కారు కొనేవాళ్ల మీద ఆయనకు పెద్దగా గౌరవం ఉండేది కాదని చెబుతారు. కానీ చెక్కు మాత్రం తీసుకునేవారు. అవసరం అలాంటిది.

1956లో డీనో చనిపోయాడు. కండరాల జబ్బు. ఇరవై నాలుగేళ్లే. మరుసటి ఏడాది మే 12న మిల్లె మిల్యాలో ఫెరారీ టైరు పేలి కారు జనంలోకి దూసుకెళ్లింది. డ్రైవర్ పోర్టాగో, అతని సహచరుడు, తొమ్మిది మంది ప్రేక్షకులు చనిపోయారు. ఆ తొమ్మిదిలో ఐదుగురు పిల్లలు. ఇటలీ అంతా ఎంజో మీద మండిపడింది. కేసు పెట్టారు, 1961 దాకా నడిచి కొట్టేశారు. కోర్టు వదిలేసింది కానీ ఆ ఊరి తల్లిదండ్రులకు అది జవాబు కాదు. ఆయన గొప్పతనం రాసేటప్పుడు ఈ పేరా దాటేసేవాళ్లు చాలామందే ఉన్నారు. రేసు కోసం ఏదైనా అన్న పట్టుదలకు ఇంకో ముఖం కూడా ఉందని ఇదే చూపిస్తుంది.

నల్ల కళ్లద్దాలు, ఊదా రంగు సిరా, చీకటి ఆఫీసు గది.. జనం గుర్తుపెట్టుకున్న ఎంజో ఈ తర్వాతి ఎంజోయే. రేసులకు వెళ్లడం దాదాపు మానేసి, ఫోన్లో, టీవీలో కబురు తెలుసుకునేవారు.

సీట్లు పెంచారు.. పేరు మాత్రం ఇవ్వలేదు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రెండు సీట్లు, రెండు డోర్లు, అంతే ఫెరారీ అనుకునేవాళ్లు ఒక కారు గురించి మర్చిపోతారు. 1960లో వచ్చిన 250 జీటీఈ. వెనక ఇంకో ఇద్దరు కూర్చునే ఏర్పాటుతో వరసగా తయారుచేసిన మొదటి ఫెరారీ అది. కుటుంబం ఉన్న డబ్బున్నవాళ్లు ఎగబడ్డారు. 950కి పైగా అమ్ముడయ్యాయి. తక్కువ కార్లే కట్టే ఫ్యాక్టరీకి అది మామూలు సంఖ్య కాదు. 1960 నుంచి 65 దాకా వరసగా ఆరుసార్లు ఫెరారీలే లె మాన్స్ గెలిచాయి. గుర్రం బొమ్మ ఉన్న ఎర్ర రేసు కారును అందరూ చూశారు, దాని ఖర్చులో వంతు మోసిన నాలుగు సీట్ల కారును ఎవరూ పోస్టర్ చేసుకోలేదు.

1976లో ఇంకో మెట్టు దిగారు. 400 ఆటోమేటిక్. ఫెరారీలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రావడం అదే మొదటిసారి. ఎంజో అప్పటికి బతికే ఉన్నారు. కాబట్టి సౌకర్యం కోసం వంగడం ఆయనకు తెలియని పనేం కాదు.

మరి ఎక్కడ వంగలేదు? చిన్న కారు దగ్గర. 1960ల మొదట్లో మరనెల్లో ఇంజినీర్లు ఒక బుల్లి స్పోర్ట్స్ కారు తయారుచేశారు. జనం ముద్దుగా ఫెరారీనా అన్నారు. ఎంజో దానికి తన పేరు పెట్టనివ్వలేదు. డిజైన్‌ను వేరేవాళ్లకు అప్పగించారు. అది ఏఎస్ఏ అనే కొత్త కంపెనీ పేరుతో వచ్చింది, ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత ఆరు సిలిండర్ల 206 జీటీ వచ్చినప్పుడూ అంతే. దాని మీద ఫెరారీ పేరు లేదు, డీనో అని పోయిన కొడుకు పేరు పెట్టుకున్నారు. కొడుకు జ్ఞాపకం ఒక కారణం. పన్నెండు సిలిండర్లకు తక్కువైన దాన్ని రోడ్డు మీద ఫెరారీ అని అమ్మడం ఇష్టం లేకపోవడం రెండోది.

పక్కింటివాళ్లు ఏం చేస్తున్నారో ఆయనకు తెలియక కాదు. మసెరాటి ఉన్నది కూడా మోడెనాలోనే. 1963లో వాళ్లు నాలుగు డోర్ల సెడాన్ తెచ్చి, దాన్నే పేరుగా క్వాట్రోపోర్టే అని పెట్టారు. కారు మంచిదే. కానీ మసెరాటి 1968లో ఫ్రాన్స్‌కు చెందిన సిట్రోయెన్ చేతికి, 1975లో డీ టొమాసో చేతికి మారింది. సెడాన్ చేయడం వల్లే అలా అయ్యిందనడం అన్యాయం. సెడాన్ ఉన్నా కాపాడలేకపోయిందన్నది మాత్రం నిజం.

మన ఆల్విన్ సంగతేంటి?

ఇటలీ దాకా ఎందుకు, ఇలాంటి కథ హైదరాబాద్‌లోనే ఒకటుంది. తార్నాకలో పాత క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లను కదిపితే ఇంట్లో ఆల్విన్ ఫ్రిజ్ ఉండేదని చెబుతారు. ఎంజో మరనెల్లోకు మారడానికి ఏడాది ముందు, 1942లో మొదలైన కంపెనీ. ఫ్రిజ్‌లు చేసింది. బస్సు బాడీలు కట్టింది, మన డబుల్ డెక్కర్లు సహా. స్టీలు ఫర్నిచర్ చేసింది. పుష్పక్ అని స్కూటర్ తెచ్చింది. జపాన్ సీకోతో కలిసి వాచీలు, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు. ఒక తరం తెలుగువాళ్ల పెళ్లి కానుకల లిస్టులో ఆ పేరు లేకుండా లేదు.

చివరికి ఏమైంది? లారీల ఫ్యాక్టరీ మహీంద్రాకు వెళ్లింది. 1990ల్లో ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ఆల్విన్ అంటే ఎక్కువమందికి ఒక కాలనీ పేరు, ఒక చౌరస్తా పేరు. వాచీ పనికి సీకో, లారీ పనికి నిస్సాన్. అన్నీ చేసిన కంపెనీకి, ఇది మాకంటే బాగా ఇంకెవరికీ రాదు అని చెప్పుకోవడానికి ఒక్క వస్తువు మిగలకపోవడమే అసలు నష్టమనిపిస్తుంది. అది ప్రభుత్వ రంగ సంస్థ, ఫెరారీతో పోల్చడం పూర్తిగా కుదరదు, నిజమే. కానీ ఎంజో భయపడింది సరిగ్గా ఈ గతి గురించే.

ఫోర్డ్‌కు నో.. ఫియట్‌కు ఎస్

1963లో అమెరికా ఫోర్డ్ కంపెనీ ఫెరారీని కొనడానికి వచ్చింది. బేరం చివరిదాకా వెళ్లింది. రోడ్డు కార్ల వ్యాపారం ఫోర్డ్ చేతికి ఇవ్వడానికి ఎంజో సిద్ధమే. ఎన్ని సీట్లు, ఎన్ని కార్లు అన్న దాని మీద గొడవే రాలేదు. బేరం చెడింది ఒకే ఒక్క దగ్గర. రేసు బడ్జెట్‌కు ఫోర్డ్ అనుమతి కావాలన్న దగ్గర. కాగితాలు పక్కకు నెట్టి లేచి వెళ్లిపోయారు. పగబట్టిన ఫోర్డ్ జీటీ40 కట్టించి 1966లో లె మాన్స్‌లో ఫెరారీని ఓడించడం, దాని మీద హాలీవుడ్ సినిమా రావడం తెలిసిందే.

అదే మనిషి 1969లో యాభై శాతం వాటా ఫియట్‌కు అమ్మేశారు. అవును, ఒకప్పుడు ఉద్యోగం ఇవ్వని ఫియట్‌కే. రోడ్డు కార్లు వాళ్లవి, రేసు జట్టు మాత్రం చచ్చేదాకా తనది. ఈ రెండు ఒప్పందాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎంజో గీత ఎక్కడ గీశారో తెలుస్తుంది. డోర్ల దగ్గర కాదు. రేసు గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుందన్న దగ్గర.

నాలుగు డోర్ల కారు ఆయన టేబుల్ దాకా నిజంగానే వచ్చింది. 1980లో పినిన్‌ఫరీనా డిజైన్ సంస్థ తన యాభై ఏళ్ల పండగకు పినిన్ అనే నాలుగు డోర్ల ఫెరారీ నమూనా చేసి ట్యూరిన్ షోలో పెట్టింది. చూసినవాళ్లు మనసు పారేసుకున్నారు. తయారీ గురించి ఆలోచన కూడా నడిచింది. కానీ ఫ్యాక్టరీకి రాలేదు. లగ్జరీ సెడాన్లు ఏళ్ల తరబడి చేస్తున్న జర్మనీ, బ్రిటన్ కంపెనీలతో వాళ్ల ఆటలో తలపడాల్సి వచ్చేది. ఎంజో ఆ రిస్కు తీసుకోలేదు. ఆయన కాలంలో వచ్చిన చివరి కొత్త మోడల్ దానికి పూర్తి వ్యతిరేకం. 1987 నాటి ఎఫ్40. కార్పెట్ లేదు, రేడియో లేదు, రోడ్డు మీదకు తెచ్చిన రేసు కారు అంతే.

1988 ఆగస్టు 14న తొంభై ఏళ్ల వయసులో ఎంజో పోయారు. నాలుగు వారాలకు మోంజాలో ఇటలీ గ్రాండ్ ప్రీ. ఆ సీజన్‌లో మిగతా రేసులన్నీ మెక్‌లారెన్ గెలిస్తే, అదొక్కటే ఫెరారీ గెలిచింది. అదీ మొదటి రెండు స్థానాలూ. ఫియట్ వాటా తొంభై శాతానికి పెరిగింది. మిగతా పది శాతం రెండో కొడుకు పియరోకు దక్కింది. భార్య లారా బతికున్నంత కాలం బహిరంగంగా ఒప్పుకోని కొడుకు అతను. ఫ్యాక్టరీ విషయంలో అంత మొండిగా ఉన్న మనిషి ఇంటి విషయంలో అంత ధైర్యం చూపలేకపోయారు.

ఆయన పోయాక

మిగతావాళ్లు ఆగలేదు. ట్రాక్టర్లు చేసుకునే ఫెరూచియో లంబోర్గినీ, ఎంజోతో గొడవపడి 1963లో సొంత స్పోర్ట్స్ కారు కంపెనీ పెట్టారన్న కథ అందరూ చెప్పేదే. ఆ కంపెనీ 2018లో యూరస్ ఎస్‌యూవీ అమ్మడం మొదలుపెట్టింది. 2017లో 3,815 కార్లు అమ్మిన లంబోర్గినీ 2019లో 8,205 అమ్మింది. 1990ల మొదట్లో మూతపడేలా ఉన్న పోర్షే, 2002లో వచ్చిన కయెన్ ఎస్‌యూవీతో నడుం నిలబెట్టుకుంది. అప్పట్లో తిట్టినవాళ్లే ఇప్పుడు, ఆ డబ్బు లేకపోతే 911 ఉండేదా అంటున్నారు. ఇది కాదనలేని మాట.

పూరోసాంగ్వే అంటే ఇటాలియన్‌లో మేలుజాతి గుర్రం. కంపెనీ దాన్ని ఎస్‌యూవీ అని పిలవదు. పిలవకపోయినా అదేంటో చూసేవాడికి తెలుసు. ఎత్తు 185 మిల్లీమీటర్లు, అంటే తార్నాక స్పీడ్ బ్రేకర్ గురించి మరీ భయపడక్కర్లేదు. కానీ పోర్షేలాగా ఫోక్స్‌వ్యాగన్‌తో పంచుకున్న బండి కాదు ఇది. ముందు భాగంలో ఆరున్నర లీటర్ల సొంత పన్నెండు సిలిండర్ల ఇంజిన్, 725 హార్స్‌పవర్. పైగా మొత్తం తయారీలో దీని వాటా ఐదో వంతు దాటనివ్వబోమని కంపెనీ ముందే గీత గీసుకుంది. యూరస్ లంబోర్గినీ అమ్మకాల్లో సగం దాటేసిన సంగతి వాళ్ల కళ్ల ముందే ఉంది మరి. అడిగేవాళ్ల కంటే ఒక కారు తక్కువే చేయాలన్నది ఎంజో నాటి అలవాటే. ఆ అలవాటు పోనంత వరకు డోర్లు నాలుగైనా ఆయన పెద్దగా పట్టించుకునేవారు కాదేమో. ఐదో వంతు కాస్తా సగమైన రోజు మాత్రం లెక్క మారుతుంది.

పూరోసాంగ్వే బయటికొచ్చిన తొమ్మిది నెలలకు, 2023 జూన్‌లో, యాభై ఏళ్ల తర్వాత లె మాన్స్ పెద్ద విభాగంలోకి ఫెరారీ తిరిగొచ్చింది. 24 గంటల రేసు. కారు పేరు 499పీ. 1965 తర్వాత మొదటిసారి గెలిచింది. 2024లో మళ్లీ గెలిచింది. 2025లో కూడా.